చెరువు నీళ్లలో జీవులు చూడటానికి తక్కువ ధరలో ఏ మైక్రోస్కోప్ కొనాలి? తర్వాత ఏం మార్చుకోవాలి?

డబ్బా మీద ‘2000 రెట్లు’ అని ఉన్న ప్లాస్టిక్ వాటి జోలికి పోకండి. 40ఎక్స్ ఆబ్జెక్టివ్ (నమూనాకు దగ్గరగా ఉండే, 40 రెట్లు పెంచే లెన్స్) మీద సాధారణంగా 0.65 అని ఉంటుంది, అది న్యూమరికల్ ఎపర్చర్, అంటే లెన్స్ ఎంత సన్నని వివరం చూపగలదో చెప్పే అంకె. దాన్ని 1000తో గుణిస్తే 650, అంటే ఆ లెన్స్‌తో దాదాపు 650 రెట్ల వరకే ఉపయోగం. అంతకు మించి ఎంత పెంచినా మసకే పెరుగుతుంది, కొత్త వివరం రాదు. పారమీషియం, రోటిఫర్ల లాంటి చెరువు సూక్ష్మజీవులకు 100 నుంచి 400 రెట్లు చాలు.

కాలేజీ ల్యాబుల్లో వాడే ఇనుప బాడీ రకం, సెకండ్ హ్యాండ్ అయినా సరే, తీసుకోండి. హర్యానాలోని అంబాలాలో ఇలాంటివి చాలా తయారవుతాయి. కండెన్సర్‌కు (కింద నుంచి వెలుగును నమూనా మీద కేంద్రీకరించే లెన్స్) ఐరిస్ డయాఫ్రమ్, అంటే వెలుగును తగ్గించి పెంచే రంధ్రం, ఉందో లేదో తప్పకుండా చూడండి. అది లేకపోతే పారదర్శకంగా ఉండే జీవులు వెలుగులో కలిసిపోయి సరిగా కనిపించవు. ఆబ్జెక్టివ్ మీద 160/0.17 అని ఉంటే మంచిది: ట్యూబ్ పొడవు 160 మి.మీ., కవర్ స్లిప్ (నమూనా మీద కప్పే పల్చటి గాజు బిళ్ల) మందం 0.17 మి.మీ. అని అర్థం. రేపు కొత్త ఆబ్జెక్టివ్ కొన్నా అదే 160 రకం కొనాలి, ఇన్ఫినిటీ రకం (∞ గుర్తు ఉండేది) దీనికి పనికిరాదు.

మొదటి అప్‌గ్రేడ్‌కు పైసా ఖర్చు లేదు. కండెన్సర్ కింది ఫిల్టర్ హోల్డర్‌లో, మధ్యకు వచ్చేలా, గుండ్రటి నల్ల కాగితం బిళ్ల పెట్టి ఐరిస్ పూర్తిగా తెరవండి. 10ఎక్స్ ఆబ్జెక్టివ్‌తో చూస్తే నల్లటి చీకట్లో జీవులు తళతళా మెరుస్తాయి. ఆ తర్వాత డబ్బుంటే 10ఎక్స్ ప్లాన్ ఆబ్జెక్టివ్ (అంచుల దాకా స్పష్టంగా చూపే రకం) కొనండి. కెమెరాకు తొందరేం లేదు, ఫోన్‌ను ఐపీస్‌కు (కన్ను పెట్టి చూసే లెన్స్‌కు) ఆనించినా ఫొటోలు బాగానే వస్తాయి.