వీనస్ డి మిలో చేతులు ఏమయ్యాయి?

వీనస్ డి మిలో అంటే చేతుల్లేని ప్రాచీన గ్రీకు ప్రేమదేవత విగ్రహం. దాని చేతులు ఎలా విరిగాయని అడిగారు. చేతుల కోసం బుర్ర బద్దలు కొట్టుకోకండి. అసలు తిరకాసు కాళ్ల దగ్గరుంది.

మా వదినతో కలిసి పారిస్‌లో ఆ విగ్రహం ఉన్న లూవ్ర్ మ్యూజియానికి వెళ్లాను. మాకు దొరికిన గైడ్ మంచి కథకుడు. 1820లో గ్రీసులోని మిలోస్ దీవి ఒడ్డున ఫ్రెంచి నావికులకీ టర్కీ వాళ్లకీ విగ్రహం కోసం పెనుగులాట జరిగిందనీ, అందులో చేతులు విరిగాయనీ అభినయించి మరీ చెప్పాడు. అందరూ అయ్యో పాపం అన్నారు. మా వదిన మాత్రం, "అక్కడే విరిగితే ముక్కలు ఏరుకోరా అండీ?" అంది. ఆయన గొంతు సవరించుకుని, తర్వాతి గది చాలా బాగుంటుందన్నాడు.

వదినదే రైటు. యోర్గోస్ అనే రైతు పొలంలో విగ్రహం బయటపడినప్పుడే వూతియే అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి బొమ్మ గీశాడు. అందులోనూ చేతుల్లేవు. ఆపిల్ పట్టుకున్న చెయ్యి ఒకటి విడిగా దొరికింది కానీ, పనితనం నాసిగా ఉందని కొందరు ఒప్పుకోరు. నా లెక్కలో అది ఆవిడదే. కనబడని వైపు శిల్పి ఎంత శ్రమ పడతాడు? వీపు చూడండి, ముందున్నంత నునుపు ఉండదు. అయితే వెనక్కి చేరడమే ఒక కుస్తీ. మోనాలిసా దగ్గరికి పరిగెత్తే జనమంతా దారిలో ఇక్కడ ఆగి, విగ్రహానికి వీపు తిప్పి సెల్ఫీ తీసుకుంటారు. డబ్బు పెట్టి వచ్చింది మీ మొహాలు చూసుకోవడానికా?

ఇక కాళ్ల సంగతి. విగ్రహంతో పాటు ఒక పీఠం ముక్క వచ్చింది. ఇప్పటి టర్కీలోని మియాండర్ నది ఒడ్డునున్న ఆంటియోక్ అనే ఊరి వాసి, మెనిదీస్ కొడుకు చెక్కాడని దాని మీద ఉంది. పేరు మొదటి అక్షరాలు విరిగిపోయాయి, అలెగ్జాండ్రోస్ అయ్యుంటుందని పండితుల మాట. ఆ ఊరు పుట్టిందే క్రీ.పూ. 3వ శతాబ్దంలో. ఫ్రెంచి వాళ్లకేమో అంతకు వందేళ్ల ముందటి మహాశిల్పి ప్రాక్సిటెలీజ్ కావాలి. నెపోలియన్ ఇటలీ నుంచి ఎత్తుకొచ్చిన మెడిచి వీనస్ అనే మరో పేరున్న విగ్రహాన్ని 1815లో తిరిగి ఇచ్చేశారు కదా, దానికి దీటైనది చూపించాలి. అంతే, ఆ పీఠం ముక్క మ్యూజియంలోనే మాయం. దెబే అనే కుర్ర చిత్రకారుడు 1821లో గీసిన బొమ్మ ఒక్కటే మిగిలింది.

పొరపాటున పోయిందంటే నేను నమ్మను. 1870లో ప్రష్యాతో యుద్ధం వస్తే రెండు మీటర్ల పాలరాతి విగ్రహాన్ని పోలీసు భవనం నేలమాళిగలో దాచి కాపాడుకున్నారు. అక్షరాలున్న రాతిముక్కని మాత్రం ఎక్కడ పెట్టారో మర్చిపోయారట!