ఐదుగురి టీమ్‌కి వాల్ట్ కావాలా? అసలు లోపల అది ఎట్లా పనిచేస్తుంది?

అడిగినాయనది అనంతపురం. ఐదుగురి టీమ్, డేటాబేస్ పాస్‌వర్డులన్నీ డాట్ ఈఎన్‌వీ ఫైల్లో (అప్లికేషన్ సెట్టింగులు రాసుకునే మామూలు టెక్స్ట్ ఫైలు), ఆ ఫైలేమో వాట్సాప్‌లో ఒకరి నుంచి ఇంకొకరికి. పాస్‌వర్డులు దాచి, అడిగిన అప్లికేషన్‌కి ఇచ్చే వాల్ట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టేస్తే సేఫేనా, దాని లోపల ఏం జరుగుతుంది అన్నది ప్రశ్న.

మాది కర్నూలు. ఆయిల్ మిల్లులకు, మండీ వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే చిన్న ఆఫీసు. హాషికార్ప్ వాల్ట్‌ని మా ఆఫీసు సర్వర్ మీదే పెట్టుకున్నాం. ఇన్‌స్టాల్ చేయడం అరగంట పని. కరెంటు పోయొచ్చాక దాన్ని ఎవరు తెరవాలి అన్నది తేల్చుకోవడానికి మాత్రం మాకు ఒక ఆదివారం మొత్తం పాడైపోవాల్సొచ్చింది.

మే నెల, రాత్రి గాలివాన, కరెంటు పోయింది, యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. పొద్దున సర్వర్ తనంతట తాను లేచింది, వాల్ట్ కూడా లేచింది, కానీ సీల్ వేసుకుని, అంటే తాళం పడి, లేచింది. రీస్టార్ట్ అయిన ప్రతిసారీ అది అంతే, చెడిపోయి కాదు. అప్లికేషన్లు పాస్‌వర్డ్ అడిగితే ఒక్కదానికీ జవాబు లేదు. తెరిచే కీని ఐదు ముక్కలుగా పంచిపెట్టుకున్నాం, తెరవాలంటే వాటిలో మూడు కావాలి. ఒకటి నా దగ్గర. ఒకటి బ్యాంకు లాకర్లో, ఆదివారం కదా, దాని సంగతి మర్చిపోండి. ఒకతను ఫోన్ ఎత్తలేదు. ఇంకొకతను బెంగళూరు బస్సులో, గుత్తి దాటాడు, హాట్‌స్పాట్ పెట్టుకుని వీపీఎన్ మీద ఆఫీసు సర్వర్లోకి వచ్చి తన ముక్క తానే కొట్టాడు. మిగిలింది మా సార్. ఆయన ఆదోనిలో పెళ్ళిలో ఉన్నారు, ముక్క రాసిన కాగితం ఇంట్లో బీరువాలో ఉంది. చివరికి వాళ్ళమ్మగారు, రిటైర్డ్ టీచరు, కళ్ళద్దాలు పెట్టుకుని ఫోన్లో 44 అక్షరాలు చదివారు. "ఇది పెద్ద ఐ నా, చిన్న ఎల్లా నాయనా? రెండూ నిలువు గీతలే కదా." ఒక్క అక్షరం తప్పితే మూడు ముక్కలు కలిపినా తాళం రాదు, పైగా లెక్క మళ్ళీ సున్నాకి పోతుంది, అంటే బస్సులో ఉన్నతను కూడా మళ్ళీ కొట్టాలి. నాలుగోసారికి తెరుచుకుంది.

ఇంత తిప్పలు ఎందుకు పెట్టారంటే, వాల్ట్ తన డేటా పెట్టుకునే డిస్కుని అస్సలు నమ్మదు. దాని డిజైన్ మొత్తం అక్కడ మొదలవుతుంది. మధ్యలో బ్యారియర్ అని ఒక గోడ ఉంటుంది, దాన్ని దాటి డిస్కు మీదికి పోయే ప్రతిదీ 256 బిట్ల ఏఈఎస్ అనే పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి మారే పోతుంది. కాబట్టి ఎవడైనా హార్డ్ డిస్క్ పీక్కుపోయినా వాడికి దొరికేది చెత్త. మరి ఆ ఎన్‌క్రిప్షన్ కీ ఎక్కడుంటుంది? అదే డిస్కు మీద, రూట్ కీ అనే ఇంకో కీతో ఎన్‌క్రిప్ట్ అయి. రూట్ కీ? అదీ అక్కడే, సీల్ తెరిచే అన్‌సీల్ కీతో ఎన్‌క్రిప్ట్ అయి. ఆ అన్‌సీల్ కీ మాత్రం ఎక్కడా ఉండదు. ముక్కలు చేసి మనుషుల చేతికిస్తారు. తెరిచాక అసలు కీలు మెమరీలో ఉంటాయి, కరెంటు పోతే మెమరీతో పాటే అవీ పోతాయి.

మూడు పొరలు దేనికి అని నాకూ మొదట్లో విసుగేసింది. తర్వాత ఒకబ్బాయి ఉద్యోగం మానేసినప్పుడు అర్థమైంది. పాత ముక్కలు రద్దు చేసి కొత్తవి పంచాలంటే రూట్ కీని కొత్త అన్‌సీల్ కీతో మళ్ళీ చుడితే చాలు, లోపలున్న డేటా జోలికి పోనక్కర్లేదు. అమ్మగారు ఫోన్లో చదివిన మర్నాడు కూడా మేం చేసింది ఇదే, ఎందుకంటే ఫోన్లో పైకి చదివిన ముక్క ఇక రహస్యం కింద లెక్క కాదు.

ముక్కలు చేసే పద్ధతి ఆది షమీర్ 1979లో ఇచ్చింది. కీని ఐదుగా తెంపి పంచడం కాదిది, అలా తెంపితే ఒక్కో ముక్క దొరికినా కీలో కొంత భాగం బయటపడినట్టే. పదో తరగతిలో పారాబోలా గీశాం కదా, మూడు బిందువులుంటే ఒక్క పారాబోలానే కుదురుతుంది, రెండే ఉంటే ఎన్నైనా గీయొచ్చు. కీ అనేది ఆ గీత నిలువు అక్షాన్ని తాకే చోటు, ముక్కలు గీత మీది బిందువులు. రెండు ముక్కలున్నవాడికి ఏమీ లేనివాడికంటే ఒక్క పిసరు కూడా ఎక్కువ తెలియదు. ఐదులో మూడు అన్నది వాల్ట్ మామూలుగా ఇచ్చే లెక్క, మార్చుకోవచ్చు.

ఇక మీకు రోజూ పనికొచ్చేది డైనమిక్ సీక్రెట్స్. అప్లికేషన్ అడిగినప్పుడు వాల్ట్ అప్పటికప్పుడు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో కొత్త యూజర్‌ని సృష్టించి, గంటో రెండు గంటలో గడువు పెట్టి ఇస్తుంది, గడువు తీరగానే తీసేస్తుంది. మానేసినవాడికి పాస్‌వర్డ్ గుర్తున్నా పనికిరాదు. గడువు మీరు పెట్టకపోతే వాల్ట్ సొంత లెక్క 768 గంటలు, అంటే 32 రోజులు. నెలంతా బాగా నడిచిన సర్వీసు ఒకరోజు ఉన్నట్టుండి పడిపోతే ముందు ఇదే చూడండి.

కానీ వాల్ట్ అమ్మేవాళ్ళు మెల్లగా దాటేసే సంగతి ఒకటుంది. మీ అప్లికేషన్ "నేనే" అని వాల్ట్‌కి ఎట్లా రుజువు చేసుకుంటుంది? దానికొక టోకెన్, అంటే గుర్తింపు చీటీ లాంటిది కావాలి, ఆ టోకెన్ తీసుకెళ్ళి మళ్ళీ డాట్ ఈఎన్‌వీలో పెడితే కథ మొదటికే. క్లౌడ్‌లో ఉంటే ఈ బాధ తక్కువ, మెషిన్ ఎవరిదో క్లౌడే సాక్ష్యం చెబుతుంది. సొంత సర్వర్ అయితే యాప్‌రోల్ అనే లాగిన్ పద్ధతి వాడాలి, అందులో పాస్‌వర్డ్ లాంటి సీక్రెట్ ఐడీని ఒక్కసారే తెరుచుకునే కవర్లో పెట్టి పంపాలి. మధ్యలో ఎవడైనా తెరిస్తే మన అప్లికేషన్‌కి తెరుచుకోదు, దొంగతనం జరిగిందని వెంటనే తెలుస్తుంది. దొంగని ఆపదు, ఆ తేడా గుర్తుంచుకోండి.

ఎవరు ఏం అడిగారో వాల్ట్ రాసుకునే ఆడిట్ లాగ్ మీద కూడా ఒక దెబ్బ తిన్నాం. డిస్కు నిండి లాగ్ రాయలేకపోయింది, వాల్ట్ మొత్తం ఆగిపోయింది. అది బగ్ అనుకుని సగం రోజు వెతికాం. కాదు, పెట్టిన ఆడిట్ డివైసుల్లో, అంటే లాగ్ రాసే చోట్లలో, ఒక్కదానిలోనూ రాయలేకపోతే జవాబివ్వకూడదని కావాలనే అలా కట్టారు. రెండు వేర్వేరు చోట్ల లాగ్ పెట్టుకోండి.

మీ సంగతికొస్తే, అంతా ఒకే క్లౌడ్‌లో ఉంటే వాల్ట్ జోలికి పోకండి, ఆ క్లౌడ్ ఇచ్చే సీక్రెట్ స్టోర్ చాలు. లేదంటే సాప్స్ అనే టూల్‌తో ఫైల్ని ఎన్‌క్రిప్ట్ చేసి, కోడ్ పెట్టుకునే గిట్‌లోనే పెట్టుకోండి. అప్లికేషన్లు నడిపే కుబర్నెటీస్‌లో సీక్రెట్ అని ఉంది కదా అంటారేమో, అది బేస్64 మాత్రమే, అంటే ఎవరైనా వెనక్కి మార్చి చదవగల రాత, తాళం కాదు, ఎన్‌క్రిప్షన్ విడిగా మీరే ఆన్ చేసుకోవాలి. మాలాగా సొంత సర్వరే కావాలి, డైనమిక్ పాస్‌వర్డులూ కావాలి అంటేనే వాల్ట్. 2023లో హాషికార్ప్ లైసెన్స్ మార్చాక లైనక్స్ ఫౌండేషన్ కింద ఓపెన్‌బావో అని దాని తోబుట్టువొకటి వచ్చింది, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు అదీ చూడొచ్చు.

మేం ఆ ఆదివారం తర్వాత ఆటో అన్‌సీల్‌కి మారాం, క్లౌడ్‌లోని కీ తనంతట తానే తెరుస్తుంది. అందులోనూ మెలికుంది, ఆ క్లౌడ్ కీని ఎవరైనా డిలీట్ చేస్తే ముక్కల బదులు మన చేతికొచ్చే రికవరీ కీలు తాళం తీయలేవు, డేటా పోయినట్టే. పైగా గాలివానకి కరెంటుతో పాటు నెట్ కూడా పోతుంది, ఆ రోజు క్లౌడ్‌ని అడిగే దారే ఉండదు. అందుకే యూపీఎస్‌కి కొత్త బ్యాటరీలు, రెండో కంపెనీ నెట్ కనెక్షన్ కూడా అదే నెలలో పెట్టించాం. బిల్లు చూసి సార్ మొహం మాడ్చుకున్నారు గానీ, వాళ్ళమ్మగారు మాత్రం ఇప్పటికీ కనబడితే "ఆ అక్షరాలు మళ్ళీ చదవాల్నా నాయనా" అని అడుగుతారు.