కంప్యూటర్ సెక్షన్ల కొత్తగ కూసునే తమ్మికి

తమ్మీ, ఆశీస్సులు.

మహబూబ్‌నగర్ల యూనివర్సిటీ కంప్యూటర్ సెక్షన్‌కు నిన్ను తీసుకున్నరని విని సంతోషమైంది. సర్వర్లు నీకు తెలుసు, నెట్‌వర్కు తెలుసు. కాని రేపటి సంది నీ ఫోన్ మోగేది వాటి గురించి కాదు. "బాబూ, నెట్ వస్తలేదు", "ప్రింటర్ కదుల్తలేదు", "నిన్న టైప్ చేసిందంత పోయింది" అని మోగుతది. సార్లు, మేడమ్‌లు, సూపరింటెండెంట్లు చెప్పే మాట ఒకటుంటది, మిషన్ల అయిన సంగతి ఇంకోటుంటది. ఆ రెండింటికి నడుమ తొవ్వ దొరికిచ్చుకునుడే అక్కడ పని. అందుకే జర వివరంగ రాస్తున్న.

మొదటి రోజే ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టు. తారీఖు, టైము, ఎవరు, ఏ బిల్డింగు, ఏ గది, వాళ్లు ఏమన్నరు, నువ్వు పోయి చూస్తే ఏం కనబడ్డది, ఏం చేసినవ్, ఎప్పుడు ముగిసింది. "నెట్ ప్రాబ్లం" అని రాయకు. "రెండో అంతస్తు, వైఫై పడుతది, లాగిన్ పేజీ రాదు" అని రాయి. వాట్సాప్‌ల వచ్చిన కంప్లయింటు కూడ దీంట్లకే ఎక్కాలె, లేకుంటే సాయంత్రానికి గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పడి పోతది. నెల తిరిగేసరికి ఒకే గది నాలుగుసార్లు కనబడ్డదంటే తప్పు మనిషిది కాదు, గోడ సాకెట్‌దో నెట్‌వర్క్ స్విచ్ పోర్టుదో. బడ్జెట్ టైముల "కొత్త స్విచ్ కావాలె" అని ఉత్త నోట్ పెడితే ఫైలు కొర్రీతోని తిరిగొస్తది. ఫలానా స్విచ్ ఫలానా తారీఖులల్ల ఇన్ని గంటలు పడిపోయింది అని నోట్‌బుక్ చూసి రాస్తే మారు మాట్లాడరు.

"నెట్ వస్తలేదు" అనే మాటకు నాలుగైదు అర్థాలున్నయి. ఫోన్ల మూడు ముచ్చట్లు అడుగు: పక్క గదిల వస్తుందా, మీ మొబైల్ల వైఫై వస్తుందా, ఒక్క సైటు రాదా అన్నీ రావా. పక్క గదిల గూడ లేదంటే నువ్వు ఆ గదికి పోవుడే దండగ, సక్కగ ఆ అంతస్తు ర్యాక్ (నెట్‌వర్క్ స్విచ్‌లుండే పెట్టె) కాడికి పో. ఒక్క గదే అయితే ఆ మిషన్ ఐపీ, అంటే నెట్‌వర్క్‌ల దాని అడ్రస్, చూడు. 169.254 తోని మొదలైతే ఆ మిషన్‌కు అడ్రస్ ఇచ్చేటోడే దొరకలేదన్నట్టు. కేబులో, పోర్టో చూడు. క్యాంపస్ల మనం వాడని 192.168.0 లాంటి అడ్రస్ వచ్చిందంటే మాత్రం ఎవరో ఇంట్ల రౌటర్ తెచ్చి దాని లాన్ పోర్టును గోడ సాకెట్‌ల పెట్టిన్రు. అది ఆ అంతస్తంతా తన అడ్రస్‌లు పంచుతుంటది, పది మందికి నెట్ పోతది. స్విచ్‌లల్ల డీహెచ్‌సీపీ స్నూపింగ్ (మన సర్వర్ తప్ప వేరేది అడ్రస్‌లు పంచకుండ ఆపే సెట్టింగ్) పెట్టుకుంటే ఈ బాధ తప్పుతది. ఇంకోటి, గది ఊడ్చేటప్పుడు వేలాడే వైరు ముక్క చూసి ఖాళీగున్న రంధ్రంల గుచ్చుతరు, రెండు కొసలు ఒకే స్విచ్‌కు పడతయి. దాంతోని బ్లాకు బ్లాకే ఆగమైతది. ఇట్ల వైరు సుట్టు తిరిగితే ఆ పోర్టును ఆపేసే లూప్ ప్రొటెక్షన్ ఆన్ చేసి పెట్టు, వేలాడే ప్యాచ్ కార్డులు పీకి బీరువల పెట్టు.

పాత డెస్క్‌టాప్‌ల కాడ ఒక మాయ ఉంటది. "పొద్దుగాల ఏ సైటూ తెరుస్తలేదు, కనెక్షన్ సేఫ్ కాదంటున్నది, వైరసా?" అని అడుగుతరు. యాంటీవైరస్ జోలికి పోకు, ముందుగాల కింద మూలకున్న గడియారం చూడు. తారీఖు ఏండ్ల కిందటిది చూపిస్తుంటది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఒకటుంటది, సీఆర్ 2032, మూడు వోల్టులు. అది పాడైతే రాత్రి కరెంటు పోయినప్పుడల్ల తారీఖు ఎనుకకు పోతది. సైటు సర్టిఫికెట్ తారీఖు, మిషన్ తారీఖు కలవక బ్రౌజర్ ఒప్పుకోదు. తారీఖు మార్చి వచ్చేస్తే మళ్ల కరెంటు పోయిన తెల్లారి అదే ఫోను. సెల్లే మార్చు. ఒక డజను కొని సొరుగుల ఉంచుకో.

కరెంటు సంగతికొస్తే, మన పాలమూరు దిక్కు నేల రాతినేల. వానకాలంల మంచిగున్న ఎర్తింగు ఏప్రిల్, మే నెలలల్ల గుంత ఎండి పనిచెయ్యదు. మల్టీమీటర్ తోని న్యూట్రల్‌కు ఎర్త్‌కు నడుమ వోల్టేజి చూస్తుండు. రెండు మూడు వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి గుంతల నీళ్లు పోయించు, ఉప్పు బొగ్గు మళ్ల నింపించు. యూపీఎస్ బ్యాటరీలు ఎండకు తొందరగ సస్తయి. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకు ఆయుష్షు సగమైతదని లెక్క, మన ఎండలు నీకు చెప్పేదేముంది. ట్యూబులర్ బ్యాటరీలల్ల డిస్టిల్డ్ వాటరే పొయ్యాలె. అటెండర్ బోరు నీళ్లు పోస్తే ప్లేట్లు పాడైతయి, నల్లగొండ పాలమూరు నీళ్లల్ల ఉప్పులెంతున్నయో తెలిసిందే గద. లేజర్ ప్రింటర్‌ను ఎన్నడూ యూపీఎస్‌కు తగిలించనియ్యకు. కాగితం మీద టోనర్ పొడి కరిగించే రోలర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగ కరెంటు గుంజుతది, యూపీఎస్ ట్రిప్పై పక్క కంప్యూటర్ గూడ బందైతది. క్లర్కేమో "కంప్యూటర్ తనంతట తనే ఆగుతుంది" అంటడు. బిల్డింగుకు బిల్డింగుకు నడుమ రాగి కేబుల్ వెయ్యనియ్యకు. నూరు మీటర్లు దాటితే క్యాట్ సిక్స్ ఎట్లాగూ అందదు, దాటకున్నా పిడుగు పడ్డ రోజు ఆ రాగి మీదికెల్లే రెండు కొసల స్విచ్‌లూ పోతయి. ఫైబర్ వేయించు, ఇనుప తొడుగున్న ఫైబర్ అయితే ఆ తొడుగును ఎర్త్ చేయించు.

ఇగ తెలుగు టైపింగ్. దీని గురించి నీకు కాలేజీల ఎవరూ చెప్పి ఉండరు, అక్కడ దినాం ఎదురయ్యేది ఇదే. తెలుగు శాఖల, పరీక్షల విభాగంల ఏండ్ల సంది అను ఫాంట్లల్ల టైప్ చేసిన ఫైళ్లుంటయి. ఆ ఫాంట్లల్ల తెలుగు అక్షరానికి సొంత కోడ్ ఉండదు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కోడ్‌ల మీద తెలుగు బొమ్మలు అతికించినట్టు అన్నట్టు. అందుకే ఆ ఫాంటు లేని మిషన్ల తెరిస్తే పిచ్చి గుర్తులు కనబడతయి, "ఫైలు కరప్టయింది" అని సారు గాబరా పడతడు. కరప్టు గాలేదు, ఆ ఫాంటు ఇన్‌స్టాల్ చేస్తే తెలుగు వస్తది. పీడీఎఫ్ చేసి పంపితే చూడనీకి బాగుంటది గని, దాంట్ల ఒక మాట వెతికితే దొరకదు, కాపీ చేస్తే మళ్ల ఆ పిచ్చి గుర్తులే.

కొత్తగ టైప్ చేసేదంత, తెలుగు అక్షరానికి సొంత కోడ్ ఉండే యూనికోడ్‌ల చేయించు. విండోస్‌ల తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉండనే ఉంది. కాని ఇరవై ఏండ్లు అను ఫాంట్లతోని వాడే యాపిల్ అనే కీబోర్డు లేఔట్ మీద వేళ్లు ఆడిన టైపిస్టును "ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకో అన్నా" అంటే నేర్చుకోడు, నేర్చుకోవాల్సిన పనీ లేదు. అదే యాపిల్ లేఔట్‌తోని యూనికోడ్ పడే కీబోర్డు సాఫ్ట్‌వేర్లు ఉన్నయి, అది పెట్టియ్యి. వేళ్లు పాతయే, అక్షరం కొత్తది. పాత పేజ్‌మేకర్‌కు మాత్రం యూనికోడ్ తెలుగు అర్థం కాదు. వర్డ్‌లనో, లిబ్రే ఆఫీస్‌లనో చేయించు.

పాత ఫైళ్లు కన్వర్టర్‌ల వేసి మార్చొచ్చు, అయితే మార్చినంక కండ్లతోని చదవకుండ ఎవరికీ ఇయ్యకు. నడుమ ఇంగ్లీషు మాటలుంటే అవి గూడ తెలుగనుకొని మార్చేసి చెత్త చేస్తది. ముందే ఇంగ్లీషు ముక్కలకు రంగు పూసి పెట్టుకో, ఆ భాగాలు చేత్తోని మళ్ల కొట్టాలె. ఒత్తులు ఒక్కోసారి పక్క అక్షరానికి పోతయి. "సాఫ్ట్‌వేర్" అనే మాటల ట కు వ కు నడుమ కనబడని గుర్తొకటి ఉంటది, అది ఎగిరిపోతే ట కింద వ ఒత్తు పడి "సాఫ్ట్వేర్" అయితది. ప్రశ్నపత్రమైతే మార్చుడు వద్దనే నేనంట. అంత తొందరల ఒక్క ఒత్తు తప్పినా పరీక్ష హాల్ల లొల్లి. దాన్ని టైపయిన మిషన్లనే ప్రింట్ తీయించు.

తెలుగు సిద్ధాంత గ్రంథాల కాడ ఈ ఫాంటు గొడవ ఇంకో రూపంల వస్తది. అను ఫాంటుల ఉన్న థీసిస్‌ను ప్లేజియరిజం (కాపీ కొట్టింది పట్టే) సాఫ్ట్‌వేర్‌ల వేస్తే అది చదివేది తెలుగు కాదు, ఆ పిచ్చి గుర్తులు. పోలిక దాదాపు సున్నా చూపెడితే స్కాలర్ సంబరపడతడు, ఆ రిపోర్టుకు విలువ లేదు. స్కాన్ చేసిన పీడీఎఫ్ గూడ అంతే, అది ఉత్త ఫొటో. యూనికోడ్ ఫైలే అడుగు. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 రెగ్యులేషన్ల ప్రకారం పోలిక 10 శాతం దాక ఉంటే పర్వాలేదు. అది దాటి 40 దాక ఒక మెట్టు, 60 దాక ఇంకో మెట్టు, ఆ మీద ఇంకో మెట్టు. కోట్ చేసిన భాగాలు, రిఫరెన్సులు, వరుసగ 14 మాటల దాక కలిసే మామూలు మాటలు లెక్కల పట్టొద్దు. "28 శాతం వచ్చింది, నా బతుకేంగాను" అని వచ్చిన పిల్లను కూసోబెట్టి, రిఫరెన్సులు తీసేసే సెట్టింగ్ పెట్టిన్రా లేదా చూడు.

ఇంకో పెద్ద పొరపాటు ఏందంటే, డ్రాఫ్టును సాఫ్ట్‌వేర్ ఖజానాల దాచే ఆప్షన్‌తోని అప్‌లోడ్ చేస్తరు. దిద్దినంక రెండోసారి వేస్తే తన డ్రాఫ్టుతోని తనదే పోలి తొంభై దాటి చూపిస్తది. డ్రాఫ్టుకు ఆ ఆప్షన్ తీసేసి వెయ్యాలె. యూనివర్సిటీకి శోధ్‌శుద్ధి (యూనివర్సిటీలకు ఈ సాఫ్ట్‌వేర్ ఇచ్చే కేంద్ర పథకం) కింద లాగిన్ ఉండంగ బయట దుకాణంల చెక్ చేయించుకుంటే గూడ ఇదే గతి పట్టొచ్చు, ఆడ ఏ ఆప్షన్ తోని వేస్తరో ఎవరికి ఎరుక.

జర్నల్స్ సంగతి లైబ్రేరియన్‌తోని కలిసి చూసుకో. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ 2025 జనవరి 1 సంది నడుస్తుంది. 30 పబ్లిషర్లవి దగ్గర దగ్గర 13,000 జర్నల్స్ సర్కారు యూనివర్సిటీల వాళ్లు చదువుకోవచ్చు. క్యాంపస్‌ల ఐపీని బట్టి తెరుచుకుంటయి, ఇంటికాడ ఇన్‌ఫెడ్ అనే బయటికెల్లి తెరిచే లాగిన్‌తోని. "నిన్న తెరిచింది, ఇయ్యాల పైసలడుగుతుంది" అని ఫోనొస్తే ఏమైతదంటే, మెయిన్ లైన్ పోయి బ్యాకప్ లైన్ మీద నడుస్తుంటది. ఆ లైన్ ఐపీ పబ్లిషర్లకు ఇయ్యలేదు. రెండు లైన్ల ఐపీలూ ఒక్కసారే రాసియ్యి.

మెయిల్ గూగుల్ వర్క్‌స్పేస్ మీద ఉంటే ఈ రోజుల లెక్క గుర్తుంచుకో. ట్రాష్ ఖాళీ చేసినంక గూడ 25 రోజుల దాక అడ్మిన్ ఆ ఫైలు తేగలడు. అకౌంటే డిలీట్ చేస్తే 20 రోజులే. గెస్ట్ లెక్చరర్ పోయినప్పుడు వెంటనే డిలీట్ చెయ్యకు. సస్పెండ్ చేసి, డ్రైవ్‌ల ఉన్న ఇంటర్నల్ మార్కులు, అటెండెన్సు షీట్లు హెడ్డు పేరు మీదికి మార్చి, ఆ తర్వాతనే తియ్యి. శాఖకు శాఖ పేరు మీదనే మెయిల్ ఉండాలె, హెడ్డు సొంత మెయిల్ మీద నడిపితే మూడేండ్లకు హెడ్డు మారినప్పుడు ఉత్తరాలన్నీ ఆయన ఎంటే పోతయి.

వైస్ ఛాన్సలర్ సారు పేరు, ఫొటో పెట్టి "మీటింగ్‌ల ఉన్న, అర్జెంటుగ గిఫ్ట్ కార్డులు కొని పంపు" అని మెసేజ్ వస్తది. పెద్ద సారు పేరు చూడంగనే కాదనలేరు, అదే దొంగలకు ఆసరా. పైసలు పోయినయంటే ఆలస్యం చెయ్యకుండ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కు ఫోన్ చేయించు. గంటల లెక్కల చేస్తేనే ఖాతా ఆపే ఆస్కారం. పాస్‌వర్డు ఇచ్చిన అని ఎవరన్న ఒప్పుకుంటే తిట్టకు. తిడితే రెండోసారి నీకు చెప్పరు, నీకు తెల్వకుండనే అందరికీ అంటుకుంటది. సర్వర్‌లకు ఎవడన్న చొరబడితే సెర్ట్-ఇన్ (కేంద్రం సైబర్ భద్రత సంస్థ) 2022 ఆదేశాల ప్రకారం ఆరు గంటలల్ల వాళ్లకు తెలపాలె, లాగులు (ఎవరు ఎప్పుడు ఏం చేసిన్రో మిషన్ రాసుకునే రికార్డులు) 180 రోజులు ఉంచాలె. ఫైర్‌వాల్ల లాగులు ఎన్ని రోజులుంటున్నయో ఈ వారమే చూడు, జాగ సాలక ముందే చెరిపేస్తుంటది.

పరీక్షల విభాగం డాటా మూడు కాడ ఉండాలె, అందుల ఒకటి వేరే బిల్డింగ్‌ల. బ్యాకప్ హార్డ్‌డిస్క్‌ను కాపీ అయినంక పీకి బీరువల పెట్టు. తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళమేసి పైసలడిగే వైరస్) దాన్ని గూడ తాళమేస్తది. నెలకొకసారి ఒక ఫైలు నిజంగనే బ్యాకప్‌లకెల్లి తీసి తెరిచి చూడు. రిజల్ట్స్ వారంల సర్వర్‌కు అప్‌డేట్లు పెట్టకు, ఎవరు చెప్పినా సరే.

క్లాస్ రూముల ప్రొజెక్టర్‌కు "సిగ్నల్ లేదు" అంటే విండోస్ బటన్, పి కలిపి నొక్కి డూప్లికేట్ పెట్టు. సగం అక్కడ్నే తీరుతది. పదిహేను మీటర్లకు పైనున్న మామూలు హెచ్‌డీఎంఐ వైరు బొమ్మను మిణుకుమిణుకుమనిపిస్తది, ప్రొజెక్టర్‌ను మాత్రం అనవసరంగ సర్వీసుకు పంపకు. దుమ్ము ఫిల్టర్ నెలకొకసారి దులుపు.

పెద్ద సార్ల కంప్యూటర్ కాడ మౌస్ నీ చేతులకు తీసుకోకు. "సార్, మీరు నొక్కున్రి, నేను చెప్త" అను. రెండు నిమిషాలు ఎక్కువ పట్టినా మళ్ల ఫోన్ రాదు. ఆయన ముంగట ఆయన పాస్‌వర్డు అడగకు, టైప్ చేసేటప్పుడు కిటికీ దిక్కు చూడు.

సర్వర్ రూం తాళంచెవి ఒకటే ఉందని విన్న. సోమవారం రిజిస్ట్రార్ ఆఫీస్‌కు ఉత్తరం రాసి రెండోది చేయించి, సీల్ కవర్ల సెక్యూరిటీ కాడ పెట్టించు.

ఇట్లు,
నీ అన్న
నల్లగొండ