బీబీఏ సీటొచ్చింది, ఈలోపు ఏం చదవాలి?

ప్రశ్న: బీబీఏలో సీటొచ్చింది మేడమ్, క్లాసులెప్పుడు మొదలవుతాయా అని ఒకటే ఎదురుచూపు! నేను చదివింది సైన్స్, కామర్స్ అస్సలు తెలీదు. ముందే ఏమైనా చదవాలా?

జవాబు: కంగ్రాట్స్ అమ్మా! కామర్స్ తెలీదని కంగారుపడకు, అకౌంటింగ్ మొదట్నుంచే చెప్తారు, కాకపోతే చాలామంది తడబడేది డెబిట్, క్రెడిట్ దగ్గరే. ఖాతాలో డబ్బు వేస్తే బ్యాంకు నుంచి క్రెడిట్ అయిందని మెసేజ్ వస్తుంది కదా, క్లాసులోనేమో నగదు వస్తే డెబిట్ రాయమంటారు, ఇదేంటి ఉల్టాగా ఉందే అనిపిస్తుంది. ఉల్టా ఏం కాదు, ఆ మెసేజ్ బ్యాంకు తన పుస్తకాల ప్రకారం పంపింది, నువ్వేసిన డబ్బు నీకు ఆస్తే గానీ బ్యాంకుకి మాత్రం నీకు తిరిగివ్వాల్సిన బాకీ, ఆస్తి పెరిగితే డెబిట్, బాకీ పెరిగితే క్రెడిట్. ఇదొక్కటి బుర్రకెక్కితే బ్యాలెన్స్ షీట్ (ఒకవైపు ఆస్తులు, ఇంకోవైపు బాకీలు, యజమాని పెట్టుబడి చూపే పట్టిక) రెండు వైపులా ఎందుకు సమానమవుతుందో కూడా తేలిగ్గా పట్టేస్తావ్.

స్టాటిస్టిక్స్ సైన్స్ వాళ్లకి పెద్ద కష్టం కాదులే. ఎక్సెల్ మాత్రం ఇప్పుడే మొదలుపెట్టు, ఒక నెల ఇంటి ఖర్చులు అందులో రాస్తూ వెళ్తే ఫార్ములాలు వాటంతటవే చేతికొస్తాయి. ఇక ఫైనాన్సా మార్కెటింగా అనేది ఇప్పుడే ఫిక్స్ అయిపోవద్దు, అన్ని సబ్జెక్టులూ ఒక రౌండ్ చదివాక చూద్దువుగాని.