పాత మారుతి 800కు వేరే బ్లాకు వేయవచ్చా? మా బండికి వేయించిన అనుభవం

రాజాం నుంచి మీరు అడిగినది ఇది: మీ 1998 నాటి కార్బ్యురేటర్ మారుతి 800 బ్లాకు (సిలిండర్లు ఉండే ఇంజిన్ దిమ్మ) పగిలింది, ఓమ్ని బ్లాకు గాని ఆల్టో బ్లాకు గాని వేద్దామని మెకానిక్ అంటున్నారు, అది కుదిరే పనేనా అని. కుదురుతుంది, కానీ చూడటానికి ఒకేలా ఉన్న ప్రతి బ్లాకూ కుదరదు. మా నాన్నగారు 1997లో కొన్న ఇదే రకం బండికి విజయనగరంలో నేను దగ్గరుండి బ్లాకు మార్పించాను కనుక, తెలిసినది వివరంగా రాస్తున్నాను.

2021 సెప్టెంబరు చివరలో గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటిన మరునాడు, రోడ్డు మీద నిలిచిన నీటిలో బండి నడిపి నేను తప్పు చేశాను. ఎయిర్ ఫిల్టర్ గుండా సిలిండర్లోకి వెళ్లిన నీరు గాలిలా నలగదు కాబట్టి పిస్టన్ అక్కడికక్కడే ఆగి, దాన్ని క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ కొద్దిగా వంగింది. ప్లగ్గులు విప్పి నీరు బయటికి కొట్టించాక ఇంజిన్ స్టార్ట్ కావడంతో గండం గడిచిందనుకున్నాము. సన్నని టకటక శబ్దంతోనే మూడు వారాలు తిరిగిన తరువాత, నెల్లిమర్ల నుంచి వస్తుండగా ఆ రాడ్ విరిగి, బ్లాకు పక్క గోడకు అరచేయి పట్టేంత కన్నం చేసింది. నీటిలో ఆగిన బండికి రాడ్లు కొలిపించకుండా తిప్పకూడదని అప్పుడే తెలిసింది.

ఇక బ్లాకు ఎంపిక. మీ బండిలో ఉన్నది ఎఫ్8బి ఇంజిన్: మూడు సిలిండర్లు, 796 సీసీ, బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 72 మిల్లీమీటర్లు. ఆల్టోలో వచ్చిన ఎఫ్8డికి కూడా ఇవే కొలతలు ఉన్నా, దాని హెడ్ (బ్లాకు మీద మూతలా కూర్చునే భాగం) పన్నెండు వాల్వులది, మీది ఆరు వాల్వులది. అందుచేత సీసీ కలిసింది కదా అని ఆ బ్లాకు మీద మీ హెడ్ కూర్చుంటుందని నమ్మి డబ్బు ఇవ్వవద్దు. ఓమ్నిలోనూ ఎఫ్8బి ఇంజినే వచ్చింది గాని, మీ బండిలో అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పే ఇంజిన్, ఓమ్నిలో సీట్ల కింద నిలువుగా కూర్చుని వెనుక చక్రాలను తిప్పుతుంది. కాబట్టి మౌంటింగ్ బ్రాకెట్లు, ఆయిల్ ఛాంబర్, అందులోని ఆయిల్ జల్లెడ అయిన స్ట్రైనర్, మానిఫోల్డ్, ఫ్లైవీల్ అన్నీ మీ పాత ఇంజిన్‌వే పదిలంగా ఉంచుకోవాలి. దుకాణానికి వెళ్లేటప్పుడు బ్లాకుకూ హెడ్‌కూ మధ్య వేసే కొత్త హెడ్ గ్యాస్కెట్ ఒకటి, మీ మౌంటింగ్ బ్రాకెట్లు వెంట తీసుకువెళ్లండి. గ్యాస్కెట్‌ను బ్లాకు ముఖం మీద పరచి నీటి దారులు, ఆయిల్ రంధ్రాలు ఒక్కొక్కటిగా కలుస్తున్నాయో లేదో చూడండి, బ్రాకెట్ బోల్టులు స్పానర్ లేకుండా చేత్తోనే చివరి వరకు ఎక్కుతున్నాయో లేదో తిప్పి చూడండి. నేనైతే ఓమ్ని బ్లాకు జోలికి పోకుండా, వెతికి వెతికి కార్బ్యురేటర్ 800 బ్లాకునే విశాఖలోని ఒక పాత సామాన్ల దుకాణంలో తీసుకున్నాను.

అయినా మొదటిసారి మోసపోయాము. బేరింగ్ షెల్స్ వేసి, పిస్టన్లు తిప్పే ఇరుసు అయిన క్రాంక్ పడుకోబెట్టి, దాన్ని బ్లాకుకు పట్టి ఉంచే మెయిన్ క్యాపులు ఒక్కొక్కటిగా టార్క్ రెంచితో (బిగువు కొలిచే స్పానర్‌తో) బిగిస్తున్నాము. రెండు బిగించే వరకు చేతితో తేలికగా తిరిగిన క్రాంక్, మూడవ క్యాప్ బిగించగానే రాయిలా బిగుసుకుంది. విప్పి, డీజిల్‌తో కడిగి, ఎండలో పెట్టి చూస్తే ఆ ఒక్క క్యాప్ రంగే వేరు. క్యాపులను బ్లాకుకు బిగించి ఉంచి, అన్ని బేరింగ్ గూళ్లనూ ఒకే వరుసలో కోస్తారు కనుక ఒక బ్లాకు క్యాప్ మరొక బ్లాకుకు పనికిరాదు. అందుకే నాలుగు మెయిన్ క్యాపులూ బిగించి ఉన్న బ్లాకును గాని, క్రాంకు, పిస్టన్లతో ఉన్న హాఫ్ ఇంజిన్‌ను గాని కొనండి. క్యాపులు విడిగా డబ్బాలో పోసి ఇస్తే తీసుకోవద్దు. మేము ఆ బ్లాకు తిరిగి ఇచ్చి మరొకటి తెచ్చుకున్నాము.

బ్లాకు ధర కంటే లేత్ షాపు పని ఎక్కువ ఖర్చవుతుందని ముందే సిద్ధపడండి. ప్రతి సిలిండరునూ పైన, మధ్యలో, కింద, అది కూడా అడ్డంగానూ నిలువుగానూ, బోర్ గేజితో మీ ఎదుటే కొలిపించాలి. అరుగుదల ఉంటే బోరు కొట్టించి (సిలిండర్‌ను కొద్దిగా పెద్దదిగా కోయించి) 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్లు వేయాలి. పిస్టన్లు చేతికి వచ్చాకే బోరు కొట్టించండి. పని అయ్యాక సబ్బు నీళ్లతో బ్రష్ వేసి కడిగి, తెల్లని గుడ్డ నూనెలో తడిపి బోరు తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి. మా గుడ్డ నాలుగుసార్లు నల్లగా వచ్చింది, అయిదవసారి తేరుకుంది. బిగించేటప్పుడు టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, బ్లాకు నీటి దారులను మూసే కోర్ ప్లగ్గులు కొత్తవి వేయించండి.

కాగితాల విషయాన్ని తేలికగా తీసుకోకండి. ఇంజిన్ నంబరు బ్లాకు మీదే ఉంటుంది కనుక బ్లాకు మారితే ఆర్‌సీలోని నంబరు తప్పవుతుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్పును 14 రోజులలోగా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. కొనకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, దుకాణదారు నుంచి ఇంజిన్ నంబరు వేసిన బిల్లు తీసుకోండి; పాత నంబరు చెరిపి మీ నంబరు కొట్టిస్తామని ఎవరైనా చెప్పినా ఒప్పుకోవద్దు. 2022లో మా బండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వెళ్లినప్పుడు నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీశారు. ఆర్‌సీలో మార్పు అప్పటికే నమోదై ఉంది కాబట్టి పని జరిగింది. 1998 బండి కనుక మీకూ 2028లో రెన్యువల్ వస్తుంది.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఆయిల్ లైటు ఆరే వరకు సెల్ఫ్ కొట్టాలి. మొదటి 1000 కిలోమీటర్లు అరవై దాటకండి, సాలూరు ఘాట్ వంటి ఎక్కుళ్లకు వెళ్లకండి. 500 కిలోమీటర్లకే ఆయిల్ దించి, కొంచెం తెల్లని గుడ్డ మీద పోసి ఎండలో చూడండి: సన్నని మెరిసే రజను కనిపిస్తే సహజమే, గోటికి తగిలే ముక్క ఒక్కటి ఉన్నా మళ్లీ ఛాంబర్ విప్పించాలి.