సందేహాలు – సమాధానాలు: ‘ఉండాలి’, ‘ఉండి తీరాలి’

సందేహం: లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్‌కు ఉన్న ప్యాకేజింగ్ పాలసీని, అంటే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు ఎలా ఉండాలో చెప్పే నియమావళిని, మేం కొందరం తెలుగులో రాస్తున్నాం. అందులో మస్ట్ (must), షుడ్ (should), మే (may) అనే ఇంగ్లిష్ మాటలకు మూడు వేర్వేరు స్థాయిలు ఉన్నాయి. మా రాతలో మొదటి రెండూ ‘చేయాలి’ దగ్గర కలిసిపోతున్నాయి. మస్ట్ ఉన్నచోట ‘తప్పనిసరిగా’ అని చేరిస్తే సరిపోతుందా?

సమాధానం: సరిపోదండీ. వాక్యం పొడుగైతే ‘తప్పనిసరిగా’ ఏ క్రియకు చెందిందో తేలదు. ‘తప్పనిసరిగా లైసెన్సు పాఠం ఉన్న ఫైలును చేర్చాలి’ అని రాశారనుకోండి. తప్పనిసరి ఏది? పాఠం ఉండటమా, ఫైలు చేర్చడమా? తెలుగు వాక్యానికి బలం చివరి క్రియలో ఉంటుంది కాబట్టి తేడాను కూడా అక్కడే చూపించాలి. మస్ట్‌కు ‘చేర్చి తీరాలి’, షుడ్‌కు ‘చేర్చాలి’ అని పెట్టుకోండి.

ఈ తేడా చిన్నది కాదు. డెబియన్‌లో ప్రతి ప్యాకేజీతోనూ లైసెన్సు పాఠం ఉన్న కాపీరైట్ ఫైలు వచ్చి తీరాలి. రాకపోతే అది సీరియస్ బగ్, విడుదలకే అడ్డం. ప్రతి ప్రోగ్రాముకూ మాన్యువల్ పేజీ, అంటే దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీ, ఉండాలి. లేకపోతే అదీ బగ్గే, కానీ ఆ ఒక్క కారణంతో ప్యాకేజీని పక్కన పెట్టరు. రెండు చోట్లా ‘ఉండాలి’ అనే రాస్తే, కొత్త మెయింటెయినర్ (ప్యాకేజీ బాధ్యత చూసే వ్యక్తి) మాన్యువల్ పేజీ గురించి టెన్షన్ పడుతూ లైసెన్సు సంగతి తర్వాత చూద్దాంలే అనుకోవచ్చు. మరో లినక్స్ సిస్టమ్ అయిన ఫెడోరా మార్గదర్శకాల్లో ఈ మాటలను ఇంగ్లిష్ క్యాపిటల్ అక్షరాల్లో రాసి తేడా చూపిస్తారు. మన లిపికి ఆ సదుపాయం లేదు, క్రియారూపమే ఆ పని చేయాలి.

‘తీరాలి’ అంటే పంతం పట్టినట్టు వినిపిస్తుందని కొందరంటారు. సంభాషణలో అది నిజమే. నియమావళికి మాత్రం ఆ గట్టిదనమే కావాలి.

వ్యతిరేకార్థంలో ‘కూడదు’ దానంతటదే గట్టి మాట. డెబియన్ ప్యాకేజీల్లో ప్రధానమైన ‘మెయిన్’ విభాగంలోని ప్యాకేజీ ఆ విభాగానికి బయట ఉన్న ప్యాకేజీపై ఆధారపడకూడదు. ఇది నిషేధం. స్క్రిప్టులకు సీ షెల్ (కమాండ్లు నడిపే ఒక ప్రోగ్రాం) వాడకుండా ఉండాలి. ఇది షుడ్ స్థాయి. ఇక్కడ ‘వాడకూడదు’ అంటే పాలసీ చెప్పినదానికంటే ఎక్కువ చెప్పినట్టే.

అసలు జాగ్రత్తపడాల్సింది ‘మే’కు వాడే ‘వచ్చు’ దగ్గర. మీరు దాని గురించి అడగలేదు గానీ, తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. ‘ఈ ఫైలు ప్యాకేజీలో ఉండవచ్చు’ అంటే అనుమతి ఇచ్చినట్టా, బహుశా ఉంటుందని ఊహించినట్టా? మనిషిని కర్తగా పెట్టి ‘మెయింటెయినర్ ఈ ఫైలును చేర్చవచ్చు’ అంటే అనుమతి అన్న అర్థమే ముందు తడుతుంది. దాన్ని వ్యతిరేకంగా చెప్పాల్సి వస్తే మాత్రం ‘చేర్చకపోవచ్చు’ అనకండి, అది మళ్లీ ఊహే అవుతుంది. ‘చేర్చకపోయినా ఫర్వాలేదు’ అనండి, లేదా ‘చేర్చనక్కర్లేదు’ అనండి.