ఆన్ చేయగానే కంప్యూటర్‌కి తనలో ఏమేం ఉన్నాయో ఎలా తెలుస్తుంది?

కొత్త వైఫై కార్డు బిగిస్తే, ఏ సీడీ వేయకుండానే పనిచేసిందని, అదెలా తెలిసిందని అడిగారు. అమలాపురంలో రిపేరు షాపు నడుపుతున్నాను, నాకిది రోజూ ఎదురయ్యే సంగతే.

స్విచ్ నొక్కగానే ముందు లేచేది విండోసో లినక్సో కాదు, మదర్‌బోర్డు చిప్‌లోనే ఉండే ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రామ్. అది ర్యామ్‌ని సిద్ధం చేసి, డిస్కులోంచి బూట్‌లోడర్ (సిస్టమ్‌ని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) ద్వారా కెర్నెల్‌ని, అంటే విండోస్, లినక్స్‌ల గుండెకాయ లాంటి భాగాన్ని, పైకి తెస్తుంది. ఇక వెతుకులాట కెర్నెల్‌ది. జనాభా లెక్కలవాళ్లు ఇంటింటి తలుపూ కొట్టినట్టు, పీసీఐ బస్సులో (కార్డుల్ని మదర్‌బోర్డుకి కలిపే దారి) ఒక్కో స్థానాన్నీ పలకరిస్తుంది. ఒక్కో బస్సుకి అలాంటివి 32. అక్కడ కార్డుంటే తయారీదారు నంబరు, పరికరం నంబరు చెబుతుంది. ఇంటెల్‌ది 8086. ఎవరూ లేకపోతే జవాబుగా అన్నీ ఒకట్లే (1లు) తిరిగొస్తాయి. ఆ నంబర్లకు సరిపడే డ్రైవరు (ఆ కార్డుని నడిపే ప్రోగ్రామ్) ముందే తన దగ్గరుంటే లోడ్ చేసేస్తుంది. మీ కార్డు విషయంలో జరిగిందిదే.

పవర్ బటన్, ల్యాప్‌టాప్ మూత స్విచ్ లాంటివి పిలిస్తే పలకలేవు. వాటి చిట్టా ఫర్మ్‌వేరే ఏసీపీఐ అనే పట్టికల్లో రాసి కెర్నెల్‌కి ఇస్తుంది.

ఒక మాట. మన కోనసీమ ఉప్పుగాలికి, వానాకాలం చెమ్మకి కార్డు అంచున మరక పడుతుంది. బిగించే ఉంటుంది, కానీ పలకదు, విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో కనపడదు. అప్పుడు డ్రైవర్లు మార్చి లాభం లేదు. కరెంటు తీసేసి, ఆ బంగారు రంగు గీతల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, కార్డుని మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి.